కంభం చెరువులో జెట్ స్కీ

నాలుగు రోజులుగా నా స్కూటరు సెల్ఫ్ కొడితే "గీ... గీ..." అని మూలిగి ఆగిపోతోంది. వీధిలో విన్నవాళ్లంతా బ్యాటరీ పోయిందని తీర్పు చెప్పేస్తున్నారు. నేను మాత్రం నోరెత్తడం లేదు. ముప్పై ఏళ్లు గిద్దలూరులో బ్యాటరీల దుకాణం నడిపినవాణ్ణే గానీ, ఒకసారి కంభం చెరువు గట్టున పదిమంది ముందు ఇదే మూలుగు విని, ఇదే మాట అని, పరువు పోగొట్టుకున్నాను. ఆ పరువు తీసింది మరెవరో కాదు, మా మేనత్త.

అత్త కొడుకు, అంటే మా బావ, బెంగుళూరులో మేస్త్రీ పని చేస్తూ పన్నెండేళ్లు రేకుల షెడ్లలో బతికాడు. వానలు దంచికొట్టి కంభం చెరువు నిండిన ఏడాది అర్ధవీడుకు తిరిగొచ్చాడు. వస్తూ వస్తూ సముద్రం ఒడ్డున ఎవరో వాడి వదిలేసిన జెట్ స్కీ ఒకటి కొని లారీలో వేసుకొచ్చాడు. నీళ్ల మీద స్కూటరులా పోయే బండి అది. చెరువు చూడ్డానికి వచ్చే జనాన్ని ఎక్కించి తిప్పుతానన్నాడు. ఆ ఊరివాళ్లు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, చక్రాలేవీ అని అడిగారు. చక్రాలు లేకపోతేనేం, బండన్నాక పూజ జరగాల్సిందేనని అత్త నువ్వుల నూనెలో పసుపు కలిపి, సీటు ఎత్తితే కనపడిన ప్రతిదానికీ పూసి, కుంకుమ బొట్లు పెట్టింది. ఛార్జింగ్‌కని వైర్లతో సహా విప్పిన బ్యాటరీని బావ మర్నాడు తెచ్చి బిగించాడు.

కొన్నచోట ఒక్క నొక్కుకే అందుకున్న ఇంజను ఇక్కడ బద్ధకంగా ఒక్క చుట్టు తిరిగి ఆగిపోయింది. నాకు కబురొచ్చింది. బండి గట్టు పక్కన ట్రాక్టరు ట్రాలీ మీద ఉంది. బ్యాటరీ అని తేల్చి కొత్తది వేశాను. అదే మూలుగు. బ్యాటరీ దగ్గర వైర్ల కొసలు మెరిసేదాకా గీకాను. అదే మూలుగు. అప్పుడు పెద్ద డాక్టరులా గొంతు తగ్గించి, సెల్ఫ్ మోటారే పోయిందనీ, కొత్తది రావడానికి నెలైనా పడుతుందనీ చెప్పాను.

బావ ముఖం చూడలేకపోయాను. చెరువులో బండి తిప్పడానికి అనుమతి ఇవ్వాల్సిన ఆఫీసరు గారు ఆ మధ్యాహ్నమే దాని నడక చూడ్డానికి వస్తున్నారు. నడిస్తే అనుమతి, నడవకపోతే మళ్లీ నా దగ్గరకు రావొద్దని ఆయన ముందే చెప్పేశారట.

"ఇంగేముంది బామ్మర్దీ, సోమారం బెంగుళూరు రైలెక్కతా," అన్నాడు బావ.

అప్పుడే మాకు సద్ది తెచ్చిన అత్త క్యారియరు కింద పెట్టింది. "ఏందిరా అల్లుడా, బోరు తిరక్కపోతే మోటారు పారేస్తామా?"

"ఇది బోరు కాదత్తా!" అని విసుక్కున్నాను.

ఆమె నన్ను లెక్కచేస్తేనా! "ఇంగొకసారి నొక్కు నాయనా, నేను సాలనేదాంక," అని కొడుక్కి చెప్పింది. ఇంజను మూలిగింది. చాలనగానే సీటు కింద చెయ్యి పెట్టి, జ్వరమొచ్చిన పిల్లల నుదురు చూసినట్టు ఒక్కొక్క వైరు కొసా తాకుతూ పోయింది. బోరు ఆడనప్పుడల్లా కరెంటు ఆపి ఆమె చేసే పనే అది. ఏ నట్టు కాలుతుంటే అక్కడ కరెంటు సరిగా పోవడం లేదని లెక్క. నా లావు చెయ్యి దూరని అడుగున, నల్ల వైరు ఇంజనుకు బిగించిన చోట, ఆమె చెయ్యి చటుక్కున వెనక్కొచ్చింది.

"అబ్బా, సుర్రుమంటాంది! ఈడుంది సూడు దొంగ!"

బావ ఆ బోల్టు విప్పాడు. వైరుకీ ఇనుముకీ మధ్య పచ్చగా ఎండి గట్టిపడిన పెచ్చు. అత్త దాన్ని గోటితో గీకి వాసన చూసింది.

"ఓయమ్మా, నేను పెట్టిన పసుపే గదరా!" అంది అత్త.

బావ నవ్వడం మొదలుపెట్టాడు. నాకు సిగ్గూ నవ్వూ కలిసే వచ్చాయి. "నవ్వింది సాల్లే, తుడువు. దేవుడేమీ అనుకోడు," అని అత్త కసిరింది.

గరుకు కాగితంతో రుద్ది బిగించాం. బావ బొటనవేలు మీట మీద ఇలా ఆనిందో లేదో, ఇంజను గుర్రుమని లేచింది! గట్టు మీద జనం ఈలలు వేశారు. నేనైతే ఎగిరి గంతేశాను, వయసు కూడా చూసుకోకుండా. ఆఫీసరు గారు వచ్చేసరికి బావ చెరువులో ఉన్నాడు. ఆయన ఎదుటే మూడు చుట్లు కొట్టి, ఆయన కళ్లద్దాల మీద కూడా నీళ్లు చల్లాడు. ఆయన అద్దాలు తుడుచుకుంటూ, "రేపు ఆఫీసుకు రావయ్యా, కాగితం ఇస్తాను," అన్నారు.

ఆయన జీపు కదలగానే బావ తల్లికి చీర మీదే తేలే జాకెట్ తొడిగి వెనక కూర్చోబెట్టుకున్నాడు. "నిదానంరా, నిదానంరా" అని ఆమె అరుపులు గట్టుదాకా వినిపించాయి. నడి చెరువుకు పోయాక మాట మారింది. "ఇంకా గట్టిగా పోనీరా!"

ఎండాకాలం వస్తే రెండు బిందెల నీళ్ల కోసం తెల్లారకముందే లేచి పొలాలకు అడ్డంపడి నడిచిన మనిషి మా అత్త. అట్లా ఎన్నేళ్లు నడిచావని అడిగితే, ఎవురికి గుర్తుందిరా అనేది. నీళ్ల మీద పోయిన ఆ పది నిమిషాలను మాత్రం, బతికినన్నాళ్లూ, నిన్న జరిగినట్టే చెప్పేది.