కోల్డ్ స్టోరేజీలో వినిపించిన గొంతు

ఇన్నాళ్లూ ఇది రాయకపోవడానికి కారణం, నాకు అక్షరాలు రాకపోవడమే. యాభై దాటాక పక్కింటి టీచరమ్మ దగ్గర నేర్చుకున్నాను. వేరొకరి చేత రాయిద్దామంటే ఇందులో మా అన్నయ్య పేరుంది.

దెయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. పత్తి చేలో ఒంటరిగా కాపలా పడుకున్నదాన్ని.

మాది జగ్గయ్యపేట. మా ఆయన మిల్లులకు, గోడౌన్లకు కెమెరాలు, దొంగల అలారాలు బిగిస్తారు. నందిగామ దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీకి అన్నీ ఆయనే పెట్టారు. దొంగలెవరైనా వస్తే స్పీకరులో యజమాని గొంతే అరుస్తుంది: "ఎవర్రా అది? ఆగు!" రికార్డు చేసింది అంతే. లైటు స్విచ్చి కూడా దొంగలకు దొరక్కూడదని, తలుపు పక్కన కాకుండా కాటా వెనక, మోకాలి ఎత్తున పెట్టించారు.

ఒకరోజు ఆ యజమానిని లోపలే ఎవరో చంపేశారు. ఆ సమయంలో కెమెరాలు ఆగిపోయి ఉన్నాయి. వాటిని ఆపడం తెలిసింది మా ఆయనకేనని పోలీసులు ఆయన్ను తీసుకెళ్లారు. ఆయన లోపలికి వెళ్తుంటే చూశానని ఎవరో సాక్ష్యం కూడా చెప్పారట. ఎవరన్నది మాకు చెప్పలేదు. ఆ రోజంతా ఆయన ఇంట్లో జ్వరంతో పడుకుని ఉన్నారు. పెళ్లాం మాట ఎవరు నమ్ముతారు?

కొన్నాళ్లకు, ఆయన సామాన్ల సంచి తీసుకుపొమ్మని అక్కడి మేనేజరు ఫోన్ చేశాడు. అన్నయ్యను తోడు రమ్మన్నాను.

"అదెక్కడుందో కూడా నాకు తెలీదే. అయినా నువ్వు పిలిస్తే రానా చెల్లెమ్మా!" అంటూ బండి తీశాడు.

మిట్టమధ్యాహ్నం. లోపల మాత్రం చీకటి, చలి, మిర్చి ఘాటు. అన్నయ్య ముందు వెళ్లి లైటు వేశాడు. నేను సంచి అందుకున్నాను. అప్పుడు పైనున్న స్పీకరులోంచి చనిపోయిన మనిషి గొంతు వినిపించింది. అరుపు కాదు, మామూలు పలకరింపు.

"ఏమయ్యా వెంకటేశ్వర్లూ, మళ్లీ వచ్చావా?"

అది మా అన్నయ్య పేరు.

అన్నయ్య నన్నక్కడే వదిలేసి బండెక్కి వెళ్లిపోయాడు. మేనేజరును అడిగాను.

"అలారం పెట్టె పోలీసుల దగ్గరుందమ్మా. స్పీకరు వైరు కూడా కోసేశారు, చూడండి" అన్నాడు.

చూశాను. తెగిన వైరు వేలాడుతోంది.

బస్సులో కూర్చున్నాక లైటు గుర్తొచ్చింది. ఆ చోటే తెలియదన్న మనిషి, తడుముకోకుండా కాటా వెనక చెయ్యి పెట్టాడు.

తర్వాత పోలీసుల ముందు, యజమానిని చంపింది తనేనని అన్నయ్య అన్నీ ఒప్పుకున్నాడు. జ్వరంగా ఉన్న బావను చూడవచ్చి, ఆయన ఫోనులోంచి కెమెరాలు ఆపింది అన్నయ్యే. ఆయన మీద సాక్ష్యం చెప్పిందీ అన్నయ్యే. చంపడానికి వెళ్లే ముందు నా చేతి మజ్జిగ తాగి మరీ వెళ్లాడు. మా ఆయన ఇంటికొచ్చారు. ఇవన్నీ నాకు అర్థమయ్యాయి. ఆ గొంతు ఎలా వచ్చిందో మాత్రం ఇప్పటికీ తెలియదు.

అది విన్న మర్నాడు పొద్దున్నే అన్నయ్య మా ఇంటికొచ్చాడు.

"నిన్న నువ్వేం వినలేదు, సరేనా? తోడబుట్టినవాణ్ణి కదే" అన్నాడు.

"కాఫీ చల్లారిపోతుంది, తాగన్నయ్యా" అన్నాను.

తాగి వెళ్లాడు. గ్లాసు కడిగి బోర్లించి, నందిగామ బస్సెక్కాను. ఎస్సైగారికి స్పీకరు సంగతి చెప్పలేదు. లైటు స్విచ్చి సంగతి చెప్పాను.