భద్రం తీసేసిన లైను

భద్రం నన్ను మోసం చేశాడు.

ఈ మాట ముఖం మీదే అనాలని ఏళ్లుగా దాచుకున్నాను. నిన్న పొద్దున బూర్గంపాడులో షాపు షట్టర్ ఎత్తుతుంటే ఫోన్ వచ్చింది. భద్రానికి గుండెపోటు. దవాఖానాకు చేరేలోపే పోయాడట.

ఏడుపు రాలేదు. ముందు కోపం వచ్చింది.

నాది మోటార్ వైండింగ్ షాపు. కాలిపోయిన బోరు మోటార్లకు రాగి తీగ మళ్లీ చుట్టి ఇస్తాను. భద్రం ఖమ్మంలో కంప్యూటర్ సార్. ప్రోగ్రాములు తెలుగులో రాసుకునే భాష ఒకటి సొంతంగా తయారు చేశాడు. నా చేతులు వణకడం మొదలయ్యాక తీగ చుట్టే చిన్న మెషిన్ తెచ్చిపెట్టి, దాన్ని ఆ భాషతోనే నడిపించాడు.

చేసిన పనే మళ్లీ మళ్లీ చేయించడాన్ని లూప్ అంటారట. నా స్క్రీన్ మీద అది ఒకే లైను.

కాయిల్ నిండేదాకా చుట్టు.

నాలుగో తరగతి చదివిన నేను కూడబలుక్కుని చదివాను. కింద "తీగ తెగితే ఆపు" అని నేనే చేర్చాను. మెషిన్ నా మాట విన్నది.

ఖమ్మంలో ఒక కాలేజీకి తీసుకెళ్లి స్టేజీ మీద ఆ లైను నాతో చదివించాడు భద్రం. "మా చాచా చదివిండు. ఇగ చదవనోడు ఎవడు?" అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయాను నేను.

తర్వాత అప్‌డేట్ అన్నాడు.

చూస్తే నా లైను లేదు. దాని జాగాలో ఇంగ్లీషులో ఫర్ అట. బ్రాకెట్లట. మధ్యలో చుక్కలు, కామాలు.

ఇదేందని అడిగాను.

"కాలేజీ పిల్లలకు గిదే అలవాటు చాచా. పొడుగు లైన్లు టైప్ చేయలేమంటున్నరు. నీకేం గావాల్నో చెప్పు, నేను మారుస్త గద."

"నువ్వు మార్చుడేందిరా? నేను చదువుకుంటననే గద నన్ను స్టేజీ ఎక్కించినవ్."

తల దించుకున్నాడు. పాత లైను మళ్లీ పెడతానన్నాడు. కనిపించినప్పుడల్లా అదే మాట. పెట్టలేదు. షాపుకు రావడమే తగ్గించాడు.

ఇప్పుడు తీగ సైజు మారితే ఎవరిని అడగాలి? నిన్న మెషిన్ మీద గుడ్డ కప్పేశాను.

భద్రం, కోపం పోలేదు. అయినా పోయినచోట నీకు ఏ కష్టం ఉండొద్దు. నిమ్మళంగా పడుకో.

లావణ్యా, మీ నాన్న లాప్‌టాప్ నీ దగ్గరే ఉందట. పదకొండో రోజు అయ్యేదాకా నిన్ను అడగను బిడ్డా. పన్నెండో రోజు పొద్దున షట్టర్ ఎత్తేలోపు నాకు జవాబు కావాలి.

నా లైను దాచిపెట్టాడా, చెరిపేశాడా?