ఒక్క చెయ్యే చూడాల

ఖరిదా బజారు సందులోకి బియ్యం లారీని వెనక్కి పెట్టడం నాకు రోజూ ఉన్న పనే. అయినా స్టీరింగ్ దగ్గర ఆడదాన్ని చూస్తే సందంతా డ్రైవింగు మాస్టర్లైపోతారు. ఆ వేళ ఒకడు చెయ్యూపి ఎడమకన్నాడు, ఇంకొకడు కుడికన్నాడు, మూడోవాడు ఊరికే లారీని బాదినాడు. బియ్యం కొట్టు పక్క కొట్టాయన, మన తెలుగాయనే, "దిగమ్మా, ఎవడైనా మగోడు పెడతాడు" అన్నాడు.

మా నాన్న రైల్వే యార్డులో షంటింగ్ చేసినాడు. బండి వెనక్కెళ్ళేటప్పుడు ఒక్కడి చెయ్యే చూడాల, పది చేతులు లేస్తే బండి ఆపీయాల అని మాకు అన్నంతోపాటు పెట్టినాడు. అందుకే ఇంజిన్ ఆపీసి కూకున్నాను. హారన్లు మోగినాయి, తిట్లు పడ్డాయి. నాకేటి?

చేతులన్నీ దిగినాక, అంతవరకు నోరు మెదపని సందులో మరమరాలమ్ముకునే దీదీని పిలిచి, నువ్వొక్కదానివే చెయ్యి ఊపు అన్నాను. ఆవిడ చెయ్యే చూసుకుంటూ లారీని బియ్యం కొట్టు గుమ్మం దాకా తెచ్చి ఆపి, కిందకి దిగినాను.

పక్క కొట్టాయన స్కూటర్ గోడకీ లారీకీ మధ్య ఇరుక్కుపోయింది. "అమ్మా, కాస్త ముందుకి తియ్యి" అన్నాడు.

"దిగమన్నారు కదేటి బాబూ, దిగినాను. ఆ మగోడెవడో, పిలవండి."