నాయన నోట్లో మీటరు

పాకాలలో మా నాయనది మోటారు వైండింగ్ షాపు. మామిడితోటల్లో కాలిపోయిన బోరు మోటార్లన్నీ ఆయన దగ్గరికే వస్తాయి. నేను తిరుపతిలో ఒక ల్యాబులో కణాలకు కరెంటు కొలుస్తాను. నేనేం చదువుతున్నానో ఆయనకు అర్థమయ్యేలా చెప్పాలని ఎప్పటినుంచో తహతహ. ఉగాదికి వెళ్లినప్పుడు చెప్పేశాను: మంచి కణం తన పొరకు లోపలా బయటా కరెంటు తేడా నిలబెట్టుకుంటుంది, క్యాన్సర్ కణంలో చాలాసార్లు ఆ తేడా తగ్గిపోతుంది.

"అంటే ఇన్సులేషను పోయిన వైండింగు మాదిరి" అన్నాడు.

"అంతే నాయనా" అన్నాను. మా గైడు ముందు ఆ మాట అని ఉంటే చీవాట్లు పడేవి. కానీ నాయన నా చదువును మొదటిసారి తన షాపులోకి రానిచ్చాడు. ఆ సంతోషంలో నోరు జారాను.

రెండు నెలల తర్వాత షాపుకు వెళ్తే, స్విచ్‌బోర్డు పక్కన గోడ మీద సుద్దతో రెండు వరసల అంకెలు. పైన కుడి, ఎడమ అని రాసి ఉంది. ఏ మోటారువని అడిగాను.

"మోటారువి కాదులే, నావే" అంటూ చెంప లాగి చూపించాడు. వక్కాకు ఒత్తిపెట్టుకునే ఎడమ బుగ్గ లోపల తెల్లటి మచ్చ, దాని మధ్యలో పుండు. "దినామూ మీటరు పెట్టి సూస్తా ఉండాను పాపా. రెండు పక్కలా ఒకటే మాదిరి సూపిస్తా ఉండాది. యాడా లీకు లేదు."

నాకు ఒళ్లు మండింది. ఆ మీటరు కొలిచేది నీ ఉమ్మిని, కణాన్ని కాదని అరిచాను. మా ల్యాబులో ఒక్క కణాన్ని కొలవాలంటే వెంట్రుకకన్నా సన్నటి మొన ఉన్న గాజుసూది కావాలి. అంత చేసినా మనిషికి జబ్బుందో లేదో మేము చెప్పలేం. డాక్టరు ముక్క తీసి చూడాల్సిందే.

ఆయన నొచ్చుకున్నాడు. "నువ్వే కదమ్మా 'అంతే' అనింది?"

నా మాట పట్టుకుని ఆయన ఆ పుండుతో ఎన్నాళ్లు ఊరుకున్నాడో అడగడానికి భయమేసింది.

మర్నాడే తిరుపతి బస్సెక్కించాను. ఆసుపత్రిలో ముక్క తీసి పరీక్షకు పంపారు, వారం ఆగమన్నారు. ఆ వారం ల్యాబులో కూర్చోలేను, నిలబడలేను. గాజుసూదులు విరగ్గొట్టాను. ఫోను మోగితే తియ్యాలంటే భయం, మోగకపోతే చిరాకు. నాలుగో రోజు సెలవు పెట్టి పాకాల వచ్చేశాను.

షాపు తలుపు దగ్గరగా వేసి నాయన భోజనానికి ఇంటికెళ్లాడు. మీటరు బల్ల మీదే ఉంది. ఎర్ర వైరు, నల్ల వైరు నా ఎడమ బుగ్గ లోపల ఆనించుకున్నాను. నోరంతా ఇనప రుచి. అంకె పైకీ కిందికీ ఎగిరి ఒకచోట నిలబడింది. గోడ వైపు చూశాను. దాదాపు ఆయన అంకే.

రిపోర్టు రావడానికి ఇంకా మూడు రోజులున్నాయి. నా చదువంతా ఎక్కడికి పోయిందో, మీటరు పట్టుకుని "అమ్మయ్య" అన్నాను.