కుప్పుస్వామికి నామం

సౌందరరాజన్ సారు ఏ రెండు పురుగుల్నీ ఒకటేనని ఒప్పుకోడు. తిరుపతిలో ముప్పైయేళ్లు కాలేజీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. పేడపురుగు, కొమ్ముపురుగు, పచ్చపెంకు పురుగు, ఆ వంశంలో ఎవరెదురైనా సరే జేబులోంచి భూతద్దం తీసి, వెనక కాలి ముళ్లు లెక్కపెట్టి, "యాడప్పా ఒకటి? ఇవి అన్నదమ్ముల బిడ్డలు. ఇంటిపేరొకటే, మనుషులు వేరే" అనేస్తాడు.

ఆయన్ని పదేళ్లుగా ఆటోలో తిప్పుతున్న మునిప్రసాద్‌కి ఈ మాట కంఠతా వచ్చు. అలిపిరి దారిలో ఆవుపేడ కనబడితే చాలు, ఆటో ఆగాల్సిందే. వెనక బస్సు ఎంత హారన్ కొట్టినా సారు పైకి లేవడు. పురుగు కాలిమీద వెంట్రుక తేడా పట్టేసే ఆ కళ్లకు మనుషులు మాత్రం ఆనరు. ఒకసారి ఇంకో డ్రైవరు ఏకాంబరం ఆటో ఎక్కి, రేణిగుంట దాకా పురుగుల పురాణం చెప్పుకుంటూ పోయి, దిగేటప్పుడు రేపు తొందరగా రమ్మన్నాడు, ప్రసాదూ అని పిలిచి మరీ. ఏకాంబరానికి బారెడు గడ్డం. మునిప్రసాద్‌కి మీసమే సరిగా లేదు. సారు పురుగుల డబ్బాలకున్నట్టు తను కూడా ఒక నంబరు చీటీ అంటించుకుంటే మేలేమోనని సారు భార్య రమామణి అప్పుడప్పుడూ అంటుంది.

అట్లాంటి సారు ముందుకు మునిప్రసాద్ ఒకరోజు తప్పుచేసిన మొహంతో వచ్చి నిలబడ్డాడు. రెండో తరగతి చదివే కూతురు లోహిత కార్వేటినగరంలో అవ్వ ఇంటినుంచి ఒక పచ్చపురుగుని అగ్గిపెట్టెలో తెచ్చి, పోయిన తాత పేరు కుప్పుస్వామి అని పెట్టుకుని పెంచుతోంది. అది ఏ జాతో సారుని అడిగి రమ్మని నాయన చేతికిచ్చింది. నాయన దాన్ని ఎండలో ఆటో అద్దం ముందర పెట్టి టీకి పోయాడు. తిరిగొచ్చేసరికి కుప్పుస్వామి రెండోసారి కాలం చేశాడు.

"మీ పెరట్లో ఇట్లాంటిదొకటి ఉండాది గదా సార్. ఇయ్యండి. బిడ్డకు తెలిస్తే నా మొహం సూడదు."

సారు రెండింటినీ పక్కపక్కన పెట్టాడు. రెండూ వేలిగోరంతే, రెండిటిదీ ఒకే మెరుపు. బతికున్నదాని వీపున మాత్రం సన్నంగా మూడు తెల్లగీతలు. కావాలంటే తీసుకుపొమ్మన్నాడు గానీ, అది ఇదేనని తన నోటితో అననన్నాడు. ముప్పైయేళ్ల చదువుని అగ్గిపెట్టెలో పెట్టి మూయమంటావా అని కోప్పడ్డాడు కూడా.

మర్నాడు బడి వదలగానే లోహిత ఆటో ఎక్కి, నాయన ఎంత సర్దిచెప్పినా వినకుండా, నేరుగా సారు ఇంటి ముందే దిగింది. అగ్గిపెట్టె తెరిచి చూపించింది.

"తాతా, మా కుప్పుస్వామికి గీతల్లేవు. వీడెవరు?"

సారు భూతద్దం తీశాడు. ముళ్లు లెక్కపెట్టాడు, మళ్లీ లెక్కపెట్టాడు. తర్వాత అద్దం పక్కనపెట్టి ఆ పిల్ల మొహం చూశాడు. మనిషి మొహాన్ని సారు అంతసేపు చూడడం మునిప్రసాద్ ఎన్నడూ ఎరగడు.

"వాడేనమ్మా. తిరుపతికొచ్చి ఇన్ని దినాలైంది గదా, నామం పెట్టుకున్నాడు."

మధ్యగీత ఎర్రగా లేదేమని లోహిత నిలదీసింది. చెమటకు చెరిగిపోయి ఉంటుందని రమామణి వంటింట్లోంచే సాక్ష్యం పలికింది. పిల్ల మొహం వెలిగిపోయింది. కుప్పుస్వామికి దండం పెట్టి, పెట్టె జాగ్రత్తగా మూసుకుని పోయి ఆటోలో కూర్చుంది.

మునిప్రసాద్‌కి సారు కాళ్లమీద పడాలనిపించింది. పడితే మర్యాదగా ఉండేది. పడకుండా, గొంతు తగ్గించి అడిగాడు.

"ఇంతకీ సార్, నామం పెట్టింది పురుగుకా, నా బిడ్డకా?"

"బిడ్డకు ఆకలేస్తా ఉంటాది," అన్నాడు సారు, భూతద్దం తుడుచుకుంటూ. "బండి తియ్యప్పా ఏకాంబరం."