బ్రేకుకు ఆముదం

పెళ్లిచూపులకు వెళ్లినవాడు పిల్ల నచ్చిందనో నచ్చలేదనో చెబుతాడు. నేను మాత్రం పిల్ల ఇంటి ముందు నుంచి తెల్లగా పొగ చిమ్ముకుంటూ ఆగకుండా వెళ్లిపోయాను. కోస్గిలో ఆ వీధివాళ్లు ఇప్పటికీ ఈ సంగతి చెప్పుకుని నవ్వుతారు. వాళ్ల నోట వింటే ఇంకా ఘోరంగా ఉంటుంది కాబట్టి నేనే చెబుతున్నాను. పరువు ఎలాగూ పోయింది, నిజమైనా దక్కించుకుందామని నా ఆశ.

అరవైల నాటి మాట. అప్పటికి నేను పీయూసీ పాసయ్యాను. మా ఇంటావంటా ఎవరూ అంత చదవలేదు కాబట్టి లోకంలోనే ఎవరూ చదవలేదని నా నమ్మకం. నల్ల కళ్లద్దాలు, జేబులో దువ్వెన, తలలో మాత్రం ఏమీ లేదు. మా మేనమామ నర్సింలు హైదరాబాదులో ఒక నవాబు కొడుకు దగ్గర పాత పందెం కారు కొన్నాడు. ఇద్దరే పడతారు, పైకప్పు ఉండదు, నేలను పాకుతున్నట్టు పోతుంది. కల్వకుర్తి బజారులో అది వస్తే బర్రెలు కూడా నెమరు ఆపి చూసేవి. మామకు ఆ కారంటే ప్రాణం. 'మొగుడు నాతోని మాట్లాడక ఎన్నొద్దులాయెనో, దాన్ని మాత్రం పొద్దుమాపు తుడుస్తడు' అని అత్త తిట్టేది.

కోస్గి సంబంధం చూసింది అక్కడే ఉండే మా పెద్దమ్మ. పిల్ల తండ్రి ఆమెతో ఒకటే అన్నాడట: "ఆస్తి గీస్తి అడుగుతలేను. పిల్లగాడు నిలకడ గలోడైతే సాలు."

ఆ నిలకడ చూపించడానికి నేను పందెం కారులో వెళ్తానని పట్టుబట్టాను. చూశారా తెలివి!

బాపు, అమ్మ కల్వకుర్తి నుంచి బస్సులో బయలుదేరారు. కారు బ్రేకులు అరిగిపోయి హైదరాబాదులో రిపేరుకు ఉంది. నేనూ మామా అక్కడికి వెళ్లి, దాన్ని తీసుకుని నేరుగా కోస్గి చేరాలని ఏర్పాటు. పెద్దమ్మ మోకాళ్లకు రాయమని అమ్మ ఇచ్చిన ఆముదం సీసా నా సంచిలోనే ఉంది. బస్సులో పగులుతుందట. అది పగిలి ఉంటే నా బతుకు బాగుపడేది.

కారు ముందు చక్రాల పుల్లల వెనక మెరిసే ఇనుప పళ్లేలు కనిపించాయి. వాటిని రెండు వైపుల నుంచీ బిళ్లలు నొక్కితే బండి ఆగుతుంది. మిస్త్రీ రెండూ కొత్తవి వేసి, నన్ను కూర్చోబెట్టి చెప్పాడు.

"సునో బాబూ, బిళ్లకు పళ్లేనికి ఇంక దోస్తీ కాలే. బండి ఉరికించు, బ్రేకు మెల్లగ తొక్కు, పూరా ఆపకు. మల్ల ఉరికించు, మల్ల తొక్కు. అటెంక బ్రేకు ముట్టకుంట గాలికి సల్లారనియ్యి. మొదట్ల వాసనొస్తది, కూత వెడ్తది. ఫికర్ జెయ్యకు. ఏం జెయ్యకు."

"నాకెరుకే" అన్నాను. నా జీవితంలో ఆ మాట అన్న ప్రతిసారీ ఏదో ఒకటి తగలబడింది.

దారిలో ఉరికించాను, తొక్కాను, మళ్లీ ఉరికించాను. మామ తల ముందుకు ఊగి వెనక్కి ఊగి, తలపాగా ఒళ్లో పడింది. కాలిన వాసన వచ్చింది. కోస్గి దగ్గరపడే సరికి బ్రేకు తొక్కితే చాలు, కీ... అని ఒకటే కూత. గొర్రెలను తోలుకుపోతున్న ఒక కాపరి నిలబడి మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

"ఏందయ్యా, పోతవా ఉంటవా? ఏదన్న ఒకటి తేల్సుకో."

"కొత్త బ్రేకులు, సెట్ చేస్తున్న" అన్నాను, కళ్లద్దాలు సర్దుకుని.

"నీ బండి ఇరుసుకు ఆముదం లేనట్టున్నది. మా గొర్లు బెదుర్తున్నయ్" అని నవ్వి గొర్రెల వెంట వెళ్లిపోయాడు.

అతను అన్నది ఎగతాళి. నాకు మాత్రం అది వేదవాక్కులా వినిపించింది. చిన్నప్పటి నుంచీ మా ఎడ్లబండి ఇరుసు కూత పెడితే ఆముదం పోసింది నేనే కదా! ఈ కూతతో పిల్ల ఇంటి ముందు దిగితే ఏం మర్యాద? సంచిలో సీసా ఉండనే ఉంది. మామ బండి ఆపించి, చెంబు పట్టుకుని చెట్ల చాటుకు వెళ్లాడు. బండి కాస్త చల్లారింది. నేను పుల్లల సందులోంచి పళ్లేల మీద ధారగా పోశాను. వెనక చక్రాలకు బ్రేకు ఇనుప డబ్బాలో దాగి ఉంటుంది; అవి అలుగుతాయని ఆ డబ్బాల రంధ్రాల్లోకీ పోశాను. సీసా అడుగున మిగిలింది పెద్దమ్మ ఒక మోకాలికి కూడా చాలదు.

మామ వచ్చి కూర్చున్నాడు. కారు కదిలింది. కూత లేదు.

"సూసినవారా, ఎంత మెత్తగ పోతాందో! మిస్త్రీ మంచోడు" అన్నాడు.

"మిస్త్రీ కాదు మామా, నేను" అన్నాను గర్వంగా.

"నువ్వేం జేసినవ్?"

చెప్పేలోపే వీధి వచ్చింది. అది దిగుడు వీధి. మధ్యలో పిల్ల ఇల్లు. వాకిట్లో అందరూ నిలబడ్డారు: బాపు, అమ్మ, పెద్దమ్మ, తువ్వాల భుజాన వేసుకున్న పిల్ల తండ్రి, కాళ్లకు నీళ్లు ఇవ్వడానికి చెంబు పట్టుకున్న పిల్ల తల్లి. దర్వాజ చాటున ఆకుపచ్చ చీర అంచు. నేను బ్రేకు తొక్కాను. పాదం కిందికి పోయింది, కారు ముందుకు పోయింది.

"ఆపుర!"

"తొక్కుతున్న మామా!"

"మరేంది ఆగుతలేదు?"

"ఆముదం పోసిన!"

"ఎవలకు?"

"బ్రేకుకు!"

మామ చేతి బ్రేకు పీకాడు. వెనక డబ్బాలకూ నేనే పోశాను కదా, అదీ నవ్వి ఊరుకుంది. గేరు తగ్గించి ఉండవచ్చని మీరు అంటారు. ఎలా తగ్గిస్తాను? ఎదురుగా పెద్దవాళ్లు! నా రెండు చేతులూ అప్పటికే జోడించి ఉన్నాయి. మామ పక్కనుంచి స్టీరింగు పట్టుకున్నాడు. చక్రాల్లోంచి ఆముదం పొగ లేస్తుండగా, నేను అందరికీ వినయంగా నమస్కారం చేస్తూ ఇల్లు దాటిపోయాను. పిల్ల తల్లి చెంబు అలాగే చాచి తల తిప్పుతూ చూసింది. పెద్దమ్మ 'ఏడికి పోతున్నవ్ కొడుకా' అని కేక వేసింది. ఎక్కడికో నాకు తెలిస్తే కదా!

వీధి చివర కల్లంలో ఆరబోసిన కాయల కుప్పలోకి దూరి కారు ఆగింది. ఏం కాయలనుకున్నారు? ఆముదం కాయలే. కుప్ప కూడా పిల్ల తండ్రిదే.

అందరూ ఉరికి వచ్చారు. పిల్ల తండ్రి వంగి పళ్లెం మీద వేలు రాసి వాసన చూశాడు. నావైపు చూశాడు. నా మొహం కూడా ఆముదం తాగినట్టే ఉంది.

"బ్రేకుకు ఆముదం పోసినవా నాయినా?"

"కూత వెడ్తున్నదని..."

"నిలకడ గలోడు కావాలంటి. నిలబడితే సాలనిపిస్తాంది ఇప్పుడు."

బాపు తల దించుకున్నాడు. నాకు నిజంగా ఏడుపు వచ్చింది. సంబంధం పోయినట్టేనని తేలిపోయింది. అప్పుడు జనం వెనక ఆకుపచ్చ చీర కనిపించింది. అటు నుంచి ఒక ఆడగొంతు నవ్వు ఆపుకుంటూ అంది:

"బాపూ, జర ఇంకోసారి తోల్కరమ్మను. సరిగ్గ సూడలే."

వీధి వీధంతా నవ్వింది. పిల్ల తండ్రి కూడా నవ్వాడు. నడిపించుకుంటూ ఇంటికి తీసుకెళ్లాడు, మళ్లీ ఎక్కడ జారిపోతానో అన్నట్టు చెయ్యి వదలకుండా. ఖాయం చేసుకున్నాక ఒక్క షరతు పెట్టాడు: "లగ్గానికి ఎడ్లబండ్ల రా. దాని ఇరుసుకు ఎంత పోస్తవో పోసుకో."

నన్నెందుకు ఒప్పుకున్నావని తర్వాత మా ఆవిడను అడిగాను. "పానం పోతాంటే గూడ మా అమ్మకు నమస్తే పెట్టినవ్. నీ అసొంటోన్ని ఇంకేడ దొరకవడ్తం?" అంది. ఇది మెచ్చుకోలో కాదో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

అందుకే ఇది చదువుతున్న మీ అందరి సాక్షిగా, కల్లంలోని ఆ కుప్ప సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ కంఠంలో ప్రాణం ఉండగా, తిరిగేదానికే తప్ప ఆపేదానికి ఆముదం పొయ్యను. ఈ ప్రమాణం మీద మా అత్తగారికి మాత్రం నమ్మకం లేదు. పండుగనాడు తలంటుకు ఆముదం గిన్నె చేతికిస్తూ, ఇప్పటికీ గట్టిగా చెబుతుంది:

"ఇది నెత్తికి, అల్లుడా!"