ఆకుపచ్చ సీసా మీద నలభై ఒక్క ఉత్తరాలు

మా బావకి జనం పెట్టిన పేరు ముక్కుగారు. పెట్టినవాళ్ళు వెటకారానికే పెట్టారు గానీ, ఆయన దాన్ని బిరుదులా తగిలించుకుని తిరిగాడు. నాలుగంతస్తుల పెద్ద దుకాణంలో, లోపలికి అడుగు పెట్టగానే ఎదురయ్యే సెంట్ల కౌంటరు వెనక ముప్పై ఒక్క ఏళ్ళు నిలబడ్డ మనిషి. నిలబడ్డాడనే అనాలి, అక్కడ కుర్చీ వేసేవాళ్ళు కాదు.

ఆ అద్దాల బల్ల దగ్గర ఆయన చట్టాలు ఆయనవి. ఒక మణికట్టు మీద సెంటు కొట్టించుకుని రెండో మణికట్టుతో రుద్దారంటే ఆయనకి ఒళ్ళు మండేది. "రుద్దకండమ్మా, వాసన నలిగిపోతుంది," అనేవాడు, రుద్దింది తన బుగ్గనే అన్నంత బాధగా. మూడు రకాలు చూపించాక నాలుగోది చచ్చినా చూపించేవాడు కాదు. కప్పులో పోసిపెట్టిన కాఫీ గింజలు ముక్కు కింద పెట్టి, కాసేపు వాటినే పీల్చమనేవాడు. డబ్బిచ్చి కొనుక్కోవడానికి వచ్చినవాళ్ళు పరీక్షకొచ్చిన పిల్లల్లా నోరెత్తకుండా పీల్చేవాళ్ళు.

మా అక్క ఆయనకి దొరికింది కూడా అక్కడే. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. నేనూ అక్కా గొడుగు కొనడానికి వెళ్ళి, బయట వాన ఎక్కువైతే కౌంటరు దగ్గర నిలబడ్డాం. ఆయన మమ్మల్ని పిలిచి, ఒక ఆకుపచ్చ సీసా తీసి, అక్క చేతి మీద ఒక్కసారి కొట్టాడు. "వెంటనే చూడకండి. పది నిమిషాలు ఆగండి, అసలు వాసన అప్పుడొస్తుంది," అన్నాడు. పది నిమిషాలు ఆగాం. వాన తగ్గాక కూడా ఆగాం. ఏడాది తిరక్కుండా పెళ్ళయింది. ఆ గొడుగు మాత్రం కొననే లేదు.

అప్పట్నుంచి మా అక్కకి అదే సెంటు. పొద్దున్నే చెవుల వెనక రాసుకునేది. ఆయన పనికి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, మెడ మీదకి వంగి, ఒకసారి పీల్చి, "సరే" అని వెళ్ళేవాడు. ఎదురుగా నేను కూర్చుని ఉన్నా సరే, ఇద్దరికీ సిగ్గనేది లేదు.

మధ్యలో కంపెనీవాళ్ళు ఆ సెంటు మార్చేశారు. అందులో వేసే చెట్టుపాచి ఏదో కొందరికి దురద పుట్టిస్తోందట. దాన్ని తీసేసి ఇంకేదో వేసి, బంగారు రంగు మూత ఉన్న చోట వెండి రంగు మూత పెట్టారు. దుకాణాలన్నిటికీ కాగితం వచ్చింది, "కొత్త మూత, అదే పరిమళం" అని చెప్పమని. మా బావ చెప్పాడు. పాతకాలం నుంచి కొంటున్న వాళ్ళెవరైనా వచ్చి, "ఏదో తేడాగా ఉందండీ," అంటే, "మీకు జలుబు చేసినట్టుంది," అని సాగనంపేవాడు. అది నిజమని నమ్మి మా డాక్టరు దగ్గరికి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. నేను చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గర చీటీలు రాస్తాను, అందుకని తెలుసు. ఒకసారి నిలదీశాను కూడా. "జీతం తీసుకున్నన్నాళ్ళు నా ముక్కు కంపెనీది," అన్నాడు, ఏ మాత్రం తడుముకోకుండా. ఇంట్లో మాత్రం అక్క కోసం బంగారు మూత సీసాలు ఓ డజను బీరువాలో దాచిపెట్టాడు, ఎండ తగలకుండా గుడ్డలో చుట్టి.

ఆయన రిటైరయిన ఏడాదే ఆ పన్నెండూ అయిపోయాయి. అదే ఏడాది ఆయనకి జ్వరం, పడిశం వచ్చి మూడు వారాలు మంచం దిగలేదు. లేచిన రోజు గుమ్మం దగ్గర అక్క మెడ మీదకి వంగి పీల్చాడు. వెండి మూత సీసా అది. తల అడ్డంగా ఊపాడు.

"ఇది అది కాదు," అన్నాడు.

ఆ ఒక్క మాటతో ఆరేళ్ళు గడిచాయి. మొదట సెంటు ఒక్కటే మారింది. తర్వాత సబ్బు మారింది. కాఫీ పొడి మారింది, పళ్ళపొడి మారింది, పేపరు మీద సిరా మారింది. "అన్నిట్లో చౌకరకం కలుపుతున్నారు," అనేవాడు. ఒకరోజు కిటికీ దగ్గర నిలబడి వాన కూడా పూర్వంలా లేదన్నాడు. నేనయితే, వానకి ఏ కంపెనీ మీద కేసు పెడదాం బావా, అని అడిగాను. మూతి ముడుచుకున్నాడు.

విచిత్రమేమిటంటే ఆయన మాటకి తానతందాన అనేవాళ్ళు రోజురోజుకీ ఎక్కువయ్యారు. అరవై దాటినవాళ్ళకి "ఏదీ పూర్వంలా లేదు" అన్న మాట ఎంత తియ్యగా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. రిటైరయిన డ్రాయింగు మాస్టారు, మందుల షాపాయన, ఇంకో నలుగురు కలిసి పాత పరిమళాల సంఘం పెట్టారు. ప్రతి ఆదివారం మా అక్క ముందుగదిలో కూర్చుని, ఎవరింట్లోనో దొరికిన ఖాళీ సీసా మూత తీసి, వరసగా వాసన చూసి, వరసగా నిట్టూర్చేవాళ్ళు. ఆ సీసాల్లో మిగిలింది పుల్లటి చమురు వాసన తప్ప మరేం కాదని నా ముక్కు చెప్పేది. "అమృతం," అనేవాడు మందుల షాపాయన కళ్ళు మూసుకుని. అందరూ తలలూపేవాళ్ళు. కాఫీలు మోసి మోసి మా అక్క నడుం పడిపోయేది.

ఇక కంపెనీకి ఉత్తరాలు. బావ గదిలో అటూ ఇటూ తిరుగుతూ చెప్పేవాడు, అక్క రాసేది. నలభై ఒకటి రాసింది. నలభై ఒక్కసార్లూ ఒకటే జవాబు, "మీ అభిమానమే మా పరిమళం" అని. మా బావ అగ్గి మీద గుగ్గిలం అయ్యేవాడు. ఆ రోజుల్లో ఆయన ముఖంలో కళ చూడాలి. పొద్దున్నే లేచి, గడ్డం గీసుకుని, యుద్ధానికి వెళ్తున్నవాడిలా చొక్కా గుండీలు పెట్టుకునేవాడు.

నలభై రెండోసారి జవాబు తనంతట తానే వచ్చింది. కంపెనీ తన "వారసత్వ విభాగం" తరఫున పాత ఆకుపచ్చ సీసాని మళ్ళీ బయటికి తెస్తోందట. ఇన్నేళ్ళు పట్టు వదలని పాత మనిషిగా ఆయన స్వయంగా వచ్చి, వాసన చూసి, అసలుదేదో గుర్తుపట్టాలట. పత్రికలవాళ్ళూ ఉంటారట.

సంఘంవాళ్ళు ఆయన్ని భుజాలకెత్తుకోవడం ఒక్కటే తక్కువ. మర్నాడు మధ్యాహ్నం మా అక్క నా దగ్గరికి ఆస్పత్రికి వచ్చింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"మీ బావకి వాసన తెలీదే," అంది.

"సెంటు వాసనా?"

"ఏ వాసనా తెలీదు. ఆ జ్వరం తర్వాత పోయింది. పాలు పొంగి మాడి, ఇల్లంతా పొగైపోతే పక్కన కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. అయినా అనుమానంగానే ఉండి, ఓ రోజు నేల తుడిచే మందు మణికట్టు మీద రాసుకుని చూపించాను."

"ఏమన్నాడు?"

"పూర్వం ఇందులో గంధం ఉండేదన్నారు."

నాకు నవ్వాగలేదు. అక్క నవ్వలేదు. ఆరేళ్ళుగా పొద్దున్నే మొగుడి నోట "ఇది అది కాదు" అనిపించుకుంటూ, తప్పు సెంటుది కాదని తెలిసీ నోరు మెదపకుండా తిరిగిన మనిషి నా ఎదురుగా నిలబడి ఉంది.

"ఇన్నాళ్ళు నాకెందుకు చెప్పలేదు? డాక్టరుగారికి చూపించేవాళ్ళం కదా."

"చూపిస్తే ఏమంటారు? ముక్కు పోయిందంటారు. ఆ మాట విన్నాక ఆయన రోజంతా ఏం చెయ్యాలి?" అంది అక్క. "అక్కడ అందరి ముందూ నవ్వులపాలవుతారే. నువ్వు కూడా రా. నీ ముక్కు మంచిది. అసలుది ఆయన చేతిలోకి రాగానే దగ్గు."

దగ్గుకి కొదవేముంది, ఇరవై ఏళ్ళుగా రోజూ వింటున్నవే. సరేనన్నాను. కానీ దగ్గితే ఎందుకో బావకి తెలియాలి కదా. ఆ సంగతి ఆయనకి చెప్పే ధైర్యం మా ఇద్దరికీ లేకపోయింది. ఆ మాత్రం ఆలోచించకుండానే బయల్దేరాం.

కంపెనీ గదిలో తెల్లటి బల్ల, బల్ల మీద సెంటు అద్ది అంకెలు వేసిన మూడు సన్నటి అట్టముక్కలు. వారసత్వ విభాగం అధికారిణికి పాతికేళ్ళు మించవు. ఆమె చెప్పులు, కుర్చీలు, ఆ విభాగం అన్నీ నిన్నే కొన్నట్టున్నాయి. ముందు అట్టముక్కలు మాకు కూడా అందించింది. చూశాను. మూడూ నాకు ఒకేలా తగిలాయి. మళ్ళీ చూశాను. దేనికని దగ్గను?

బావ ఒకటోది చూశాడు. రెండోది చూశాడు. మధ్యలో కాఫీ గింజలు తెమ్మన్నాడు. వాళ్ళ దగ్గర లేకపోతే కౌంటరు ఇలాగేనా నడిపేదని కసిరాడు. మూడోది చూశాడు. మా వైపు కనీసం తల తిప్పలేదు. అక్క నా చెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగేలా.

"ఈ మూడింట్లో ఏదీ అది కాదు," అన్నాడు మా బావ.

అధికారిణి, మూలన కూర్చున్న, సెంట్లు తయారుచేసే ముసలి రసాయనాయన ముఖాలు చూసుకున్నారు. తర్వాత ఆ పిల్ల చప్పట్లు కొట్టింది. మూడూ ఇప్పుడు అమ్ముతున్న వెండి మూత సెంటేనట, ఊరికే పరీక్షించారట. పత్రికలవాళ్ళు రాసుకున్నారు. ఆరేళ్ళుగా దేన్ని చూపించినా ఆయన చెప్పే జవాబు అదేనన్న సంగతి మా ఇద్దరికి తప్ప అక్కడెవరికీ తెలియదు. గండం గడిచిందనుకుని నేను కుర్చీలో వెనక్కి వాలాను.

అప్పుడు రసాయనాయన లేచి, తాళం వేసిన పెట్టెలోంచి వేలెడంత సీసా తీశాడు. పాత పద్ధతిలో, చెట్టుపాచిలో దురద పుట్టించేదాన్ని తీసేసి మళ్ళీ చేసిందట. మూత తీశాడు.

అది నన్ను వెతుక్కుంటూ వచ్చినట్టు వచ్చింది. వాన, తడి చెప్పులు, అద్దాల బల్ల, ఇరవై రెండేళ్ళ మా అక్క. నాకు ఏడుపొచ్చేసింది. అక్కని చూస్తే ఆవిడ ముఖం అప్పటికే మారిపోయింది. పెళ్ళికి ముందు నేను చూసిన ముఖం అది.

బావ ఆ సెంటు అద్దిన అట్టముక్క ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. తలెత్తి అక్కని చూశాడు. ఆ ముఖం చూస్తూనే ఆయనకి తెలిసిపోయింది, చేతిలో ఉన్నది అదేనని, తన దాకా అది రావడం లేదని. ఇప్పుడు తిట్టడానికి కంపెనీ లేదు. కళ్ళలోంచి నీళ్ళు దిగాయి.

"ఇదే," అన్నాడు.

ఫోటోగ్రాఫరు ఆ క్షణాన్ని వదులుకుంటాడా. వారం తిరక్కుండా ఆ కన్నీటి చుక్క పక్కన ఆకుపచ్చ సీసా పెట్టి బస్టాపులన్నిటి మీదా అంటించారు. ధర మూడింతలు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో వాళ్ళ వెనక సీట్లో నేను కూర్చున్నాను. కానుకగా ఇచ్చిన సీసా అక్క ఒళ్ళో ఉంది.

"నాకేం తెలీలేదు," అన్నాడు బావ. "నీకు తెలుసా ఈ సంగతి?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మీ జ్వరం తగ్గిన దగ్గర్నుంచి."

"మరి అన్ని ఉత్తరాలు ఎందుకు రాశావు?"

"మీరు చెప్తుంటే రాశాను," అంది అక్క, కిటికీలోంచి బయటికి చూస్తూ.

ఇంటికొచ్చి ఆయన మంచమెక్కాడు. నాలుగు రోజులు దిగలేదు. గడ్డం గీసుకోలేదు. ఆదివారం సంఘంవాళ్ళు పూలదండతో వస్తే గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మా డాక్టరుగారిని తీసుకెళ్తే, నరం దెబ్బతిందని, ఇక రాకపోవచ్చని ఆయన తల దగ్గరే నిలబడి చెప్పారు. ముక్కు లేని ముక్కుగారు ఆ మాటకి కూడా ఏమీ అనలేదు. ఆరేళ్ళు ఆయన అరుపులు భరించిన నాకు ఆ నిశ్శబ్దం చూస్తే భయం వేసింది. ఆయన ఇక లేవడేమోనని నిజంగానే అనుకున్నాను.

అయిదో రోజు పొద్దున నేను వెళ్ళేసరికి అక్క కొత్త సీసాలోంచి మణికట్టు మీద కొట్టుకుని, మంచం అంచున కూర్చుని ఉంది. కాసేపాగి వాసన చూసి ముఖం చిట్లించింది.

"ఏమోనండీ, నాకిది కాస్త ఘాటుగా అనిపిస్తోంది. అక్కడ మనకి చూపించింది వేరు, ఈ సీసాలో పోసింది వేరేమో."

బావ కదల్లేదు. కాసేపటికి దుప్పట్లోంచి గొంతు వచ్చింది.

"కొట్టగానే ఘాటా, ఆరాక ఘాటా?"

"ఆరాకేనండీ."

దుప్పటి కదిలింది. "ఆరాక ఘాటంటే అడుగున చౌకరకం కలిపారన్నమాట. నా ఫోటో అతికించి, జనానికి ఇదా అమ్ముతున్నది?" అంటూ లేచి కూర్చున్నాడు. "కాగితం తీసుకో."

అక్క అప్పటికే కాగితం తీసింది. నేను ఆవిడ చెయ్యి లాక్కుని వాసన చూశాను. ఏ ఘాటూ లేదు. ఆ రోజు గదిలో వచ్చిందే, వెంట్రుకవాసి తేడా లేదు. తలెత్తి అక్కని చూశాను. ఆవిడ నన్ను చూడకుండా కలం మూత తీస్తోంది.

"నువ్వు చెప్పు," అన్నాడు బావ నన్ను. "నీ ముక్కు బాగానే ఉందిగా. ఘాటుగా ఉందా లేదా?"

ఎవరికీ భయపడి అబద్ధం చెప్పినదాన్ని కాను, ఆయనతో అయితే అసలే కాను.

"తల తిరిగిపోతోంది బావా," అన్నాను. "గట్టిగా రాయించు."